తొమ్మిది రోజులు

హోబార్ట్. జూలై. కొండ మీద మంచు.
పొయ్యిలో పిల్లి లేవక తొమ్మిది రోజులు;
ఈ గాజుపలక మీద
అది పడుకునే చోటైనా లేదు.

నానిన బాదం, మొలకెత్తిన పెసలు,
ఉప్పు రాసి పిండిన జుకినీ తురుము.
దవడలకి కొత్తగా ఉద్యోగం దొరికింది.
వేడినీళ్ళ కప్పు రెండు చేతులా పట్టుకుంటాను,
తాగడానికి కాదు.

ఐదింటికే చీకటి.
గోడ అవతల థాపా వాళ్ళింట్లో
ఆవాలు చిటపటమన్నాయి,
వెనకే ఎండుమిరపకాయ.
నాలుకకన్నా ముందు
చెవికి ఆకలేసింది.

ఫోన్‌లో అక్క: "తిన్నావా?"
"కడుపునిండా."
పచ్చి అబద్ధం.
పచ్చివన్నీ తినొచ్చనే కదా
ఫ్రిజ్ మీద రాసి అంటించుకున్నాను.

గిన్నెలో ఒక పెసరగింజ
పొద్దుటికీ ఇప్పటికీ తోక పెంచింది,
ఇంత చలిలోనూ.
దాన్ని నమలబుద్ధి కాలేదు.
పక్కన పెట్టి
మిగతావి తిన్నాను.