సున్నా వస్తే పనైనట్టు

వనపర్తి రికార్డు రూముల
పాత పహాణీలు స్కాన్ చేసుడు అయిపోయింది.
ఇగ పేర్లు ముడెయ్యాలె.

ఒక్క వరుస చాలు.
మొదట, అసలు కాయితం ఎక్కడున్నదో.
తర్వాత, దాన్ని ఏమని పిలవాలెనో.
తిరగేసి రాసి మౌలాలి సారుతోని
రెండుసార్లు తిట్లు తిన్న.

ఆ ఫంక్షన్ సొంతంగ ఏమీ చెయ్యదు.
తలుపు కాడి అటెండరు లెక్క
నా చీటీ అందుకొని లోపలికిస్తది,
లోపలి మాట బయటికి తెస్తది.
పనైతే సున్నా,
కాకుంటే మైనస్ ఒకటి.
అదే పేరు ముందే ఉంటే ఒప్పుకోదు గని
చూపించిన జాగల ఏమన్న ఉన్నదా అని
అడగనే అడగదు.
లేనిదాని దిక్కు కూడా
నిమ్మళంగ వేలు చూపిస్తది.

ఏటిగడ్డపాడు కృష్ణల మునిగి నలభై ఏండ్లు దాటింది.
మెరక మీద ప్లాట్లు గీసి
అదే పేరు బోర్డు పాతిండ్రు.
బస్సు ఆ బోర్డు కాడనే ఆగుతది.

ఎనభై నాలుగో సర్వే నంబరు నకలుకు
ఉసేనమ్మ వచ్చింది.
"ఏ ఊరవ్వా?"
పేరు చెప్పింది, కిటికీలకెళ్లి
ఏటి దిక్కు చూసుకుంట.

నకలు రాలేదు.
పేరున్నది, ఎర్రగ.
జాగ చాల్తలేదని రాత్రి ఎవరో పాత డిస్కు ఊడదీసి
బీరువాల పెట్టిండ్రట.
నాలుగు వందల పన్నెండు పేర్లు,
ఒక్కటి చెరగలేదు,
ఒక్కటి తెరుచుకోదు.

"కాయితం లేదా బిడ్డా?"
"ఉన్నదవ్వా. తొవ్వ కూడ ఉన్నది. ఇల్లే..."
అని ఆగిన.
పొగాకు పండ్లతోని నవ్వింది.
"గట్లనే ఉంటది.
ఎండకాలం నీళ్లు గుంజినంక
నా కడప రాయి తేల్తది.
పోయి కూసుంట, సద్ది తింట.
తొవ్వ ఎవ్వలు చెప్పాలె? కాళ్లకెరుకే."

బీరువా తాళంచెవి మధ్యాహ్నం దాక దొరకలేదు.
డిస్కు తగిలిచ్చినం.
నేను ఒక్క అక్షరం ముట్టలేదు,
ఎర్రపేర్లు వాటంతట అవే తేటబడ్డయి.

రేగడి. ఎకరం ముప్పై గుంటలు.
కాయితం తలకిందులుగ పట్టుకుంటే
నేనే చదివి చెప్పిన:
"తూర్పు హద్దు, ఏరు."

"ఇప్పుడు నాలుగు దిక్కుల గదే గద" అన్నది.

ఇరవై రూపాయల రసీదు.
చిల్లర లేక
ఇద్దరం కొంచెంసేపు కూసున్నం.