రబ్బరు స్టాంపు

బ్రాడీపేటలో నా బల్ల.
ఒకే వారంలో మూడు "ముందడుగు"లు చెక్కాను:
పార్టీ యువజన విభాగానికొకటి,
కబడ్డీ క్లబ్బుకొకటి,
టెన్త్ తప్పినోళ్ల ట్యుటోరియల్‌కొకటి.

కరెంటు పోయిన మధ్యాహ్నం
పొట్లాలు తారుమారయ్యాయి.
మిర్చి ధర మీద పార్టీ తీర్మానం కింద
"ఫీజు ముట్టినది" అని పడింది.
ట్యుటోరియల్ మార్కుల లిస్టు మీద "కెప్టెన్".
ఎవరూ చదవలేదు కాబోలు,
ఎవరూ తిరిగి రాలేదు,

కూతకెళ్లే సుభానీ తప్ప.
మోకాలి కట్టుతోనే కుంటుకుంటూ వచ్చి
"జిల్లా కార్యదర్శిని కాను మామా, కెప్టెన్‌ని.
మా ముద్ర మాకియ్యి" అన్నాడు.

కొత్తది చెక్కుతూ చూపించాను:
ముందడుగైనా సరే,
రబ్బరు మీద వెనక నుంచే మొదలెట్టాలి.

వాడు నవ్వలేదు.
కాగితం మీద తొలి ముద్ర పడగానే వంగి,
తడి సిరాని
ఒక్క ఊపిరితో ఆరబెట్టాడు.