దిగుడు

తెల్లారగట్ల నాలుగున్నరకు
లతీఫ్ సాబ్ గుట్ట మెట్ల మీద
నేనూ, రెండు కుక్కలూ, ఒక రిటైరైన కానిస్టేబులూ.
వీపు సంచిల ఎనిమిది కిలోల దొడ్డుబియ్యం.
మోసి మోసి సగం నూకలైనయని
అమ్మ తిడుతది.

పైకి పోయి నిలబడితే
నల్లగొండ ఇంకా లైట్లు ఆర్పలే.
పానగల్లు దిక్కు నీళ్ళు ఒక తెల్లటి గీత.
ఇదెంత ఎత్తని? మేం పోయే కాడ
ఇసొంటి గుట్టలు ఇరవై పేర్చాలె.

బూట్లు అలవాటు కావాలంటే తొడుక్కొని తిరగాలట.
ల్యాబుకు సుత అవ్వే వేసుకపోతున్న.
రక్తమియ్యవచ్చిన ముసలామె
సూది దిక్కు చూడక నా కాళ్ళ దిక్కు చూసి
"మిల్ట్రీల జేరినవా బిడ్డా" అంటది.

మొన్న నా రక్తం నేనే తీసుకున్న.
హిమోగ్లోబిన్ పదిన్నర.
వేరేటోళ్ళదైతే చీటీ మీద రాసి ఊకుంటుంటి.
నాదయ్యేసరికి తోటకూర, పల్లిపట్టీలు, దవాఖాన గోలీలు.
పన్నెండు దాటనీకె రెండు నెలలు పట్టింది.

ఇగ ఎవలెంట పోవాలె?

మూడు గుంపులకు ఫోన్ చేసిన.
నాన్న మంచంల, ఎడమకాలు చాపుకొని
స్పీకర్ పెట్టుమన్నడు.

మొదటాయన గొంతు లగ్గం పత్రికలెక్క ఉన్నది.
"గ్యారంటీ మేడం, పైదాంక గ్యారంటీ.
ఇయ్యాలే కడితే రెండువేలు తక్కువ.
జెండా మాదే, ఫొటో మాదే."
నాన్న గోడ దిక్కు మర్లిండు.

రెండో ఆమె మంచిగ మాట్లాడింది.
తిండి, గుడారం, సామాను మోసే కంచరగాడిద.
ఊపిరాడకపోతే ఏం జేస్తరంటే
"అట్లేం కాదండీ" అన్నది.
సూది పట్టుకొని నేను దినాం పదిమందికి చెప్పే మాటే అది.
దాని బరువెంతో నాకెరుక.

అప్పుడన్నడు నాన్న:
"ఎంతమందిని ఎక్కించిన్రని కాదే,
నడుమల్నించి ఎంతమందిని మర్లిచ్చి తెచ్చిన్రో అడుగు.
ఎక్కుడు కోతికి సుత వస్తది.
దిగుడు తెలిసినోడే గీతగాడు."

ముప్పై ఏండ్లు తాళ్ళెక్కినోడు.
మంచు పడ్డ పొద్దు మోకు జారుతదని
ఊరందరికి చెప్పి
ఒక్కనాడు తనే ఎక్కినోడు.
ఆ సంగతి మా ఇంట్ల ఎవ్వలం తియ్యం.
మంచంల చాపిన కాలే తీస్తది.

మూడో నంబరు ఎత్తినోడు పిల్లగాడే అనిపిచ్చింది.
ఎనక కుక్కర్ కూత.
అడిగిన. కొంచెంసేపు సప్పుడు లేదు.
"పోయినేడు పద్నాలుగు మందిని మేడం.
ఒకామెకైతే శిఖరం కండ్లముందటే.
ఇప్పటికీ ఫోన్ చేసి తిడుతుంటది."

ఆ తర్వాత నన్ను అడుగుడు సురువు చేసిండు.
తలనొప్పొస్తే చెప్తరా, దాస్తరా?
నేను మర్లమంటే మర్లుతరా, కొట్లాడుతరా?

నేను నోరు తెరవకముందే
"కొట్లాడుతది" అన్నడు నాన్న.
"అయితే ముందే సంతకం తీసుకుంటా"
అని ఆ పిల్లగాడు నవ్విండు.

చీటి ఎత్తిన పైసలు ఆయనకే కట్టిన.
తతిమ్మా ఇద్దరికంటె నాలుగువేలెక్కువ.
అమ్మకు రెండే అని చెప్పిన.

రాత్రి బువ్వ తిన్నంక
నాన్న మెల్లగ అడిగిండు.
"పైన ఏం చెట్లుంటయే?"
కింద దేవదారు ఉంటది నాన్నా.
సగం దాటినంక ఏముండయి.
రాయి. మంచు.

మంచు అనంగనే
ఆయన చెయ్యి మోకాలి మీదికి పోయింది.
నేను చెప్పిన మంచు వేరే,
ఆయనకు తెలిసిన మంచు వేరే.
అయినా ఆ చెయ్యి అక్కడే ఉన్నది.

"చెట్లు లేని ఎత్తా...
మరి దేన్ని పట్టుకొని ఎక్కుతరే?"

లేసులు విప్పుకుంట
మాట దేవులాడుతున్న.
సంచి ఎక్కడనో చినిగినట్టుంది,
చీకట్ల బండల మీద
ఒక్కొక్క గింజ రాలుతున్న సప్పుడు.