గవ్వ

చేతిలో చిల్లిగవ్వ లేదు.
చొక్కా జేబులో మాత్రం గవ్వ ఉంది,
రొప్పుతూ.

దాని గుండె నా గుండె మీదే
కుట్టుమిషను సూదిలా ఆడుతోంది.
ముమ్మిడివరం బస్సులో పక్కనున్నాయన
జేబుకేసి రెండుసార్లు చూసి
లేచెళ్ళి రొయ్యల గంప పక్కన కూచున్నాడు.
మరిడి ఆయన్ని కొరకొరా చూసింది.

నేను ఎలకల బుట్టలు పెట్టేవాణ్ణండి.
సార్వాలోనైనా దాళ్వాలోనైనా
ఏ గట్టు కింద ఏ కలుగు ఎటు తిరిగిందో
చేలు గలాయనకన్నా నాకే ఎక్కువ తెలుసు.
తోక్కి పన్నెండు రూపాయలు.
మంచు దిగకముందే బుట్టలు విప్పి
కౌలుదారు గుమ్మంలో లెక్క అప్పజెబుతాను.
మరిడి పుస్తకాలూ, మా పొయ్యిలో మంటా
ఆ తోకల్లోంచే.

పోయిన దాళ్వాలో ఒక కలుగు తవ్వితే
చిక్కుడు గింజలంత పిల్లలు, ఏడు.
ఆరింటి సంగతి అడక్కండి.
ఏడోది మరిడి గుప్పిట్లో ఉండిపోయింది.
"దీని తోక ఇంకా లెక్కకి రాదు కదా నాన్నా" అంది.
నిజమే. అంత తోకకి ఎవడిస్తాడు?

మొన్న గాలివానకి గూడు తడిసింది.
ముక్కు చుట్టూ ఎర్రటి చెమ్మ,
రొమ్ములో పిల్లికూతలు.
ఎలక రొమ్ములో పిల్లి దూరిందే అని
మా ఆవిడ నవ్వబోయి
పిల్ల మొహం చూసి ఆగిపోయింది.

పశువులాసుపత్రిలో
ముందు ఒక చూడిగేదె, తరవాత కాలు విరిగిన మేకపోతు,
ఆ వెనక మేము.
కాంపౌండరు రిజిస్టరంతా వెతికాడు,
ఆవు, గేదె, గొర్రె, మేక, కోడి, కుక్క.
ఏ గడిలోనూ పట్టక "ఇతరములు" అని రాసి
యజమాని పేరడిగాడు.
నన్నెవరైనా యజమాని అనడం అదే మొదలు.

డాక్టరమ్మ కొత్తగా వచ్చినట్టుంది.
గొట్టం బిళ్ళ గవ్వ వీపుకంటే పెద్దది.
"రక్తం కాదు, భయపడకండి.
ఒంట్లో బాగోకపోతే వీటికి
కన్నీళ్ళే ఎర్రగా వస్తాయి" అంది.

ముప్పయ్యేళ్ళుగా చంపుతున్నాను.
వీటి ఏడుపు ఎరుపని నాకు తెలీదు.

బరువు తెలిస్తేగాని మందు చెప్పలేనంది.
అక్కడున్న కాటా గేదెలకి.
ఎదర వీధిలో వీరభద్రాచారి బంగారం త్రాసు మీద పెట్టాం,
మా ఆవిడ కమ్మలు పోయినేడు తూగిన చోటే.
"నూట ఎనభై గ్రాములు" అన్నాడు ఆచారి,
తరుగు తియ్యకుండా.

రెండు బిళ్ళలు చాలు, నలిపి బెల్లప్పాకంలో,
పూటకో చుక్క, ఏడు రోజులు.
మందులకొట్టబ్బాయి అట్ట కొయ్యనన్నాడు.
అట్ట తొంభయ్యారు.
ఎనిమిది తోకలు.
నేను పైకి అనలేదు,
మరిడి వేళ్ళ మీద లెక్కేసేసింది.

అబ్బాయి నన్ను ఎగాదిగా చూసి
"బుట్టలు పెట్టేది నువ్వే కదూ?
వెనక గదిలో గ్లూకోజు డబ్బాలన్నీ కొరికేస్తున్నాయి.
రెండు రాత్రులు పెట్టు, అట్ట ఊరికే పట్టుకెళ్ళు" అన్నాడు.

నేను సరేననే లోపు
మరిడి నా జేబు మీద చెయ్యి మూసింది,
లోపలికి వినపడకుండా.

మర్నాడు తెల్లారి ఆ గదిలో మూడు పడ్డాయి.
తోకలు పట్టుకుని ఎత్తేవాణ్ణి ఎప్పుడూ.
ఈసారి, చూడకూడదనుకుంటూనే,
మూడింటి కళ్ళూ చూశాను.
ఇంటికొచ్చి చేతులు రెండుసార్లు కడుక్కున్నాక
మరిడి పుల్లతో చుక్క నాకిస్తోంది.
గవ్వ నాకింది, తుమ్మింది,
నా వేలు వాసన చూసి
వెనక్కి తగ్గింది.

ఇంకా అయిదు రోజుల మందుంది.