ముక్కుతో నొక్కిన బటన్

ఆ ఆకుపచ్చ బటన్ నాదే.
దాని గుండ్రదనం కోసం మూడు వారాలు కొట్టుకున్నాం.
"వాళ్ళకి నొక్కడం రావట్లేదు" అని రిపోర్టొస్తే
గుంటూరు బస్సెక్కాను.

మిర్చియార్డు వెనక రేకుల షెడ్డు.
గుమ్మంలోనే ఏడు తుమ్ములు.
చెమటకి నా ప్రశ్నల కాగితం మెత్తబడింది.

జానీబీ తొడిమలు తీస్తోంది.
కిలో తేలినప్పుడల్లా ఫోన్లో లెక్క పడాలి.
వేళ్ళన్నీ కారం.
మడిచిన చిటికెనవేలి కణుపుతో పొడిస్తే
పక్కనున్న "రద్దు" మీద పడింది.
పొద్దుటి నుంచీ తీసిన నాలుగు కిలోలూ
గల్లంతు.

తిట్టలేదు. నిట్టూర్చలేదు.
మణికట్లతో ఫోన్ ఎత్తి
ముక్కు కొనతో మళ్ళీ మొదలెట్టింది.

"ముక్కుకైతే పలుకుద్ది అమ్మాయ్.
ఎవురు చేశారో గానీ
చేతులు కడుక్కుని కూచునే ఉద్యోగమై ఉంటది ఆళ్ళది."

నేనేనని చెప్పలేదు.
పన్నెండు ప్రశ్నల్లో ఒక్కటీ అడగలేదు.
గోనె మీద ఆవిడ పక్కన జాగా చేసుకుని
తొడిమలు తీశాను.
గంటకి కిలో కూడా తేలలేదు,
గోళ్ళ సందుల్లో మాత్రం నిప్పు.

బస్తా మీద నా ఫోన్ మోగింది.
ఆఫీసు.

వేళ్ళకేసి చూసుకుని
మెడ వంచాను.