తొలి రెండు బకెట్లు

ఫోన్లో ఆవిడ గొంతు, నేనేదో దొంగిలించినట్టు.
"మూడ్రోజులుగా కుళాయిలో ఎర్రనీళ్ళు.
బియ్యం కడిగితే బియ్యం ఎరుపు.
కుర్రాళ్ళ బనీన్లు ఎరుపు.
అద్దెకున్నవాళ్ళు తొమ్మిదిమంది,
అందరికీ జవాబు చెప్పాల్సింది నేనే."

మురోరాన్‌లో ఫిబ్రవరి.
కొండమీది వీధి ఎక్కలేక వ్యాను సగంలో మొరాయించింది.
మిగతా దూరం పెట్టె భుజానేసుకుని నడిచాను.

పెట్టెలో పెద్దగా ఏమీ ఉండదు.
తెల్ల పింగాణీ కప్పు, టార్చి, రెంచి,
ఇరవై రెండేళ్ళుగా అడుగుతున్న అవే ప్రశ్నలు.

వేడినీళ్ళా, చన్నీళ్ళా?
వేడివే అయితే తప్పు బాయిలరు కడుపులోది.
ఒక్క కుళాయా, అన్నీనా?
పక్కింట్లోనూ ఇంతేనా?
అయితే వీధి కింద ఎవరో పెద్దగొట్టాన్ని కదిపారు,
ఏళ్ళ తరబడి అడుగున పడుకున్న మడ్డి
ఉలిక్కిపడి లేచింది.

పాలలా తెల్లగా వస్తే భయపడొద్దంటాను.
గ్లాసు పక్కన పెట్టండి.
నా వంక కాదు, దాని వంక చూడండి.
అడుగు నుంచి పైకి తేటపడుతూ వస్తే
అది నీళ్ళలో ఇరుక్కున్న గాలి, అంతే.
నల్లటి నలకలు తేలితే మాంగనీసు కావచ్చు,
ముసలిదైన రబ్బరు వాషరు రాలుతూ ఉండొచ్చు.
సింకులో నీలిమరక పడిందంటే
రాగిగొట్టం తనను తానే
కొంచెం కొంచెంగా మీకు తాగిస్తోంది.

ఎరుపంటే ఇనుము.
ఈ ఊళ్ళో ఇనుము గురించి ఒకరికి చెప్పాలంటే నాకే సిగ్గు.
కొలిమి నుంచి వచ్చి మా నాన్న మెడ తుడుచుకున్న తువ్వాలుది
ఇదే రంగు.
అమ్మ ఉతికేది.
మళ్ళీ అదే రంగు.

సావగుచి గారు కుళాయి తిప్పింది.
కప్పులో కప్పు అడుగే కనిపించింది, తేటగా.
డాక్టరు గుమ్మంలో పంటినొప్పి మాయమైనట్టు.
ఆవిడకి కోపం రెట్టింపైంది.
"పొద్దున ఐదింటికి రండి, తెలుస్తుంది!"

వెళ్ళాను.
కాచిన బార్లీ టీ రంగు.
ఒక బకెట్ నిండింది. రెండోది నిండింది.
తర్వాత పలచబడింది, తర్వాత ఏమీ లేదు.

"రాత్రంతా పాత గొట్టంలో నిలబడిన నీళ్ళమ్మా.
ఇది మూడ్రోజుల జబ్బు కాదు, ముప్ఫయ్యేళ్ళది."
"మొన్నటిదాకా అద్దంలా వచ్చేవి!"
"మూడ్రోజుల కింద ఇంట్లో ఏం మారింది?"
"ఏం మారలేదు."
గట్టు తుడుస్తూ, కాసేపాగి,
"వంట చేసే నుయి మోకాలి ఆపరేషనుకెళ్ళింది. అంతే."

పెరటి తలుపు తీశాను.
గుమ్మం పక్కన మంచు గుట్ట, తెల్లగా, అమాయకంగా.
బూటుతో గీకాను.
మూడంగుళాలు కొత్త మంచు.
దాని కింద తుప్పు రంగు గడ్డ.
దాని కింద మరో పొర, లేతగా, మరోటి ముదురుగా,
నవంబరు దాకా.
ఒక్కో పొర ఒక్కో తెల్లవారుజాము.

సావగుచి గారు చెప్పులు లేకుండానే గడప దాకా వచ్చింది.
"బియ్యం కడిగిన నీళ్ళనుకున్నాను," అంది.
ఎర్రగా ఉన్నవాటిని
అలా ఎలా అనుకుందో నేనడగలేదు.

ఫారం నింపాను.
కారణం: లోపలి ఇనుపగొట్టం తుప్పు.
చేయాల్సింది: గొట్టం మార్పిడి, వసంతంలో, నేల కరిగాక.
అప్పటిదాకా: రోజూ నీళ్ళు తేటపడేవరకు వదిలేయాలి.
ఎవరు, అన్న గడి మా ఫారంలో లేదు.

"ఎన్నింటికి లేచేదో," అంది ఆవిడ,
నన్నడిగినట్టు కాదు.
తొమ్మిదిమందికి అన్నం వండాలంటే నాలుగింటికైనా లేవాలి.
చెప్పలేదు.

బకెట్ రెండూ ఇంకా సింకు కింద ఉన్నాయి, నిండుగా.
ఆవిడ ఒకదాని పిడి పట్టి ఎత్తబోయింది,
దించింది.
రెండు చేతులతో పట్టుకుంది.
"ఆ మోకాళ్ళతోనా," అంది.

నేను తలుపు తెరిచి పట్టుకున్నాను.