కాంటా

పొద్దుగాల పాలమూరు స్టేడియంల బరువు తూచిన్రు.
నేనావత్ దేవిక, నలభై అయిదు కిలోల ఎనిమిది వందలు.
ఎదుటి పిల్ల, నలభై అయిదు కిలోల తొమ్మిది వందలు.
మిర్యాలగూడ రైసుమిల్లుల ఇరవై ఏండ్లుగ కాంటా రాస్తున్న నేను
ఆ నూరు గ్రాములు
తరుగు కింద కొట్టేసి నవ్విన.

కాంటాకు తెల్వనివి చానా ఉంటయి.
ఆ పిల్లకు ఒక కోచు, కాళ్లు పిసికేటందుకు ఇంకొకాయన,
ఆటంత ఫోనుల పట్టేటందుకు మూడో మనిషి.
మా దిక్కు నేనొక్కణ్ని,
సంకల తువ్వాల, చేతిల ఓఆర్ఎస్ నీళ్ల సీసా.

మేం నేర్చుకున్నది ఊక బస్తా మీద.
మిల్లు బందయినంక, గోదాం ఎనుక,
దూలానికి ఏలాడదీస్తే
ఆమె తన్నేది, నేను అవతలి నుంచి ఆపేటోణ్ని.
కుట్టు పిగిలి
ఇద్దరి ఎంట్రుకలు ఊకతోని పండేవి.
చప్పుడును బట్టే మార్కు ఏసేటోణ్ని:
ధబ్ అంటె రెండు, ఉత్తగ తాకితే సున్న.

ఇక్కడ చప్పుడుకు ధర లేదు.
కవచంల ఒక తీగ, సాక్సుల ఒక తీగ,
ఆ రెండు ఒకదాన్నొకటి గుర్తువడితేనే
బోర్డు మీద అంకె.
మా కిరాయి సాక్సులు మడిమ కాడ వదులు.
దేవిక తన్నింది. ఎనుక వరుసదాక ఇనవడ్డది.
బోర్డు కదల్లే.
ఆ పిల్ల ముందుకాలు లేపింది, మల్ల దించలే,
ఎడమ కాల్వ గట్టు మీద కొంగ లెక్క.
తడిమినట్టె తాకింది, రెండు. మల్ల రెండు. తలకు మూడు.
పన్నెండు తేడా రాంగనె ఆపాల్నని రూలు.
మొదటి రౌండు నలభై సెకండ్లు.
రెండోది, నేను సీసా మూత పెట్టేలోపల.

"డ్రా అట్ల వడ్డది, అదృష్టం బాగలే" అన్నడొకాయన.
డ్రాను ఎందుకంటవు సారూ.
ఆ పిల్ల నెలనెలా ఆడతది.
మాకు ఏడాదికి ఇదొక్కటి,
దీనికి గూడ నేను మిల్లుల అడ్వాన్సు అడిగిన.
ఇంకోటి గూడ ఉన్నది:
గట్టిగ తన్నుమన్న గని
కాలు గాలిల నిలుపుమని ఎన్నడు చెప్పలే.
నాకే రాదు.

కల్వకుర్తి దాటేదాక దేవిక మాట్లాడలే.
ఏడుస్తున్నదేమోనని నేను కిటికీ దిక్కు చూసుకుంట కూసున్న.
దేవరకొండల బస్సు ఆగినప్పుడు అడిగింది:
"సార్, ఆమె కాలు ఎంతసేపు దించలేదో లెక్కవెట్టినవా?"
పెట్టలే.
"నేను పెట్టిన. పంతొమ్మిది."

ఇయ్యాల లారీకి బస్తాలు ఎక్కుతున్నయి.
కాంటా పక్కన, గోడ పట్టుకోకుండ,
ఒంటికాలు మీద నిలవడ్డది.
నేను బస్తాలు, ఆమె సెకండ్లు.
ఏడు కాడ కాలు దిగింది.
పుస్తకంల, తూకం గడి పక్కన
ఏడు అని రాసిన.